మీ ప్రశ్నలు – మా జవాబులు: రంగం నుంచి ఒంటరిగా వచ్చిన పిల్ల

ప్రశ్న: మేడమ్, నమస్తే. మొదటిసారి ఒక చారిత్రక నవల రాస్తున్నాను. రంగూన్ రేవులో బస్తాలు మోసే కూలీకి బర్మాలో పుట్టిన తెలుగు పిల్ల, పదేళ్లప్పుడు, 1942లో జపాన్ బాంబులకు భయపడి అమ్మానాన్నలతో నడిచి వస్తూ దారిలో తప్పిపోతుంది. కలకత్తాలో అనాథాశ్రమంలో పెరిగి, 1949లో శ్రీకాకుళం కలెక్టరాఫీసుకు వచ్చి శరణార్థుల జాబితా వెతికిస్తుంది. మెడలోని లాకెట్‌లో ఫొటో చూపించి, రేడియోలో ప్రకటన ఇప్పించి, చివరికి అమ్మను కలుసుకుంటుంది. తప్పులున్నాయా? అమ్మ దొరకడం మరీ సినిమాలా ఉందని మా ఫ్రెండ్ అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: టెన్షన్ పడకండి, మంచి కథ పట్టుకున్నారు. రంగం (రంగూన్‌ను, బర్మాను మనవాళ్లు అలా అనేవాళ్లు) వెళ్లినవాళ్ల గురించి మనవాళ్లు రాసింది చాలా తక్కువ. కానీ ముందు ఆ లాకెట్ తీసేయండి. రేవులో బస్తాలు మోసే మనిషి కూతురి మెడలో ఫొటో ఉన్న లాకెట్ ఎక్కడినుంచి వస్తుంది?

పిల్ల వయసు కూడా మార్చాలి. పదేళ్ల పిల్లకు నాన్న పేరు, ఇంటిపేరు, ఊరి పేరు అన్నీ తెలుస్తాయి, ఇంక వెతకడానికేముంది, రైలెక్కి వచ్చేయడమే. ఆరేళ్లు చేయండి. అప్పుడు వెతుకులాట 1954కి జరుగుతుంది, ఆమెకు పద్దెనిమిది వస్తాయి, ఇంకో చిక్కు కూడా తీరిపోతుంది. 1949లో శ్రీకాకుళం జిల్లానే లేదు, అది 1950 ఆగస్టులో ఏర్పడింది, అంతకుముందు ఆ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రేడియో మాటా అంతే. విజయవాడ కేంద్రం మొదలైందే 1948 డిసెంబరులో, ఆ రోజుల్లో పల్లెలో కూలి ఇంట్లో రేడియో ఎక్కడిది? ఇంకోటి, 1943 బెంగాల్ కరువు మాట మీరు ఎత్తనే లేదు. ఏడేళ్ల పిల్ల అప్పుడు ఉన్నది కలకత్తాలోనే కదా, ఊళ్ల నుంచి జనం వచ్చి వీధుల్లో పడి చచ్చిపోతుంటే ఆ ఆశ్రమంలో గంజి ఎలా పంచారో రాయకుండా ఎలా?

ఇక అసలు విషయం. రంగంలో మన ఆడవాళ్లు చాలా తక్కువ. మగవాళ్లే కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుని, కాకినాడలోనో విశాఖలోనో భీమిలిలోనో ఓడెక్కి, బియ్యం మిల్లుల్లో, రేవులో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చేవాళ్లు. అక్కడివాళ్లు మనవాళ్లను కోరంగీలు అనేవాళ్లు. ఇక్కడ భార్య ఉండగానే అక్కడ బర్మా అమ్మాయితో కాపురం పెట్టినవాళ్లూ ఉన్నారు. మీ పిల్ల తల్లి బర్మా ఆవిడ ఎందుకు కాకూడదు? 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి, క్రిస్మస్ నాడు మళ్లీ పడ్డాయి. ఓడ టికెట్టు దొరకని కూలీలు లక్షల్లో కాలినడకన బయల్దేరారు. ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి తౌంగప్ చేరే దారిలో తాగడానికి నీళ్లు లేవు, కలరా పట్టుకుంది. తండ్రి పిల్లను భుజాన వేసుకుని ఆ దారి పట్టాడనుకోండి, తల్లి వెనక తన పుట్టింట్లో ఆగిపోయిందనుకోండి. కొండల మీద తండ్రి పోయాడు. పిల్లను ఎవరో చెయ్యి పట్టుకుని చిట్టగాంగ్ దాకా తెచ్చారు.

ఇప్పుడు ఆ పిల్లకు ఏం గుర్తుంటుంది? నాన్నను ‘అయ్యా’ అని పిలిచేది, కాబట్టి పేరు తెలియదు. ఒక ముసలి పూజారిని పెద్ద చెట్టు చివర కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతారని అయ్య చెప్పేవాడు. కలకత్తాలో ఎవరైనా మన ప్రాంతం మనిషి ఆ మాట వింటే సిరిమాను అని ఇట్టే పట్టేస్తాడు, పైడితల్లమ్మ జాతర, విజయనగరం. అది చాలదు, చుట్టుపక్కల ఎన్ని పల్లెలు! అక్కడినుంచి ఆమె కలెక్టరాఫీసుకు కాదు వెళ్లాల్సింది, మేస్త్రీల దగ్గరికి. అప్పిచ్చినవాడి పద్దు పుస్తకంలో మనిషి పేరు, ఊరు, హామీ ఉన్నవాడి పేరు ఉంటాయి. తర్వాత పోస్టుమ్యాన్. రంగం నుంచి మనియార్డరు వస్తే ఊరంతటికీ తెలిసేది, ఎవరింటికి రావడం ఆగిపోయిందో కూడా అతనికి గుర్తుంటుంది.

అలా ఆమె ఒక గుమ్మం ముందుకు వస్తుంది. లోపల ఉన్నది అయ్య మొదటి భార్య. రేకు డబ్బాలో మనియార్డరు కూపన్లు దారం కట్టి దాచుకుంది, అన్నీ వేరేవాళ్ల చేత రాయించినవే, ‘క్షేమం, అమ్మను బాగా చూసుకో’ అని రెండు ముక్కలు, రంగూన్ ముద్ర, ఆఖరిది 1941 నవంబరుది. ఆ తర్వాత ఏమీ లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి, జనం ఊళ్లు వదిలి పారిపోయారు, అడుగుదామన్నా రేవులో చెప్పేవాళ్లు లేరు. మొగుడు బతికున్నాడో లేదో తెలియక పన్నెండేళ్లుగా బొట్టు పెట్టుకోవాలా తీసేయాలా అని నలిగిపోతున్న మనిషి ఆవిడ. ఆయన ఎక్కడ, ఎలా పోయాడో ఈ లోకంలో తెలిసింది ఈ పిల్ల ఒక్కదానికే. మీ నవలలో పిల్ల వెతకడమే చూశారు మీరు, అటువైపు వెతుకుతున్నవాళ్లకు ఈమే జవాబని చూడలేదు. సవతి కూతురు అని తెలిసినా ఆవిడ లోపలికి రమ్మంటుందా, ‘పిన్నీ’ అనాలా ‘పెద్దమ్మా’ అనాలా అని ఈ పిల్ల తడబడుతుందా, ఆ సాయంత్రాన్ని కనీసం రెండు అధ్యాయాలు రాయండి, తొందరపడకండి.

అమ్మ దొరకాలా అని అడిగారు. నేనైతే దొరకనివ్వను. 1947 తర్వాత బర్మాలో అడుగు పెట్టాలంటే పర్మిట్ కావాలి, 1948లో స్వాతంత్ర్యం వచ్చాక అక్కడ అంతర్యుద్ధం కూడా మొదలైంది, కాగితం ముక్క లేని పిల్ల ఎలా వెళ్తుంది? ఉత్తరం రాయించనివ్వండి. జవాబు వచ్చిందా లేదా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: మా అమ్మమ్మ 1960ల్లో బర్మా నుంచి ఓడలో విశాఖ వచ్చింది. తోడబుట్టినవాళ్లు అక్కడే ఉండిపోయారట. అడిగితే మాట మార్చేస్తుంది. ఎలా అడగాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ‘ఏం జరిగింది’ అని అడగకండి. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకుంది, పెద్ద నోట్లు రద్దు చేసింది, చాలామంది కట్టుబట్టలతో వచ్చారు, ఆ మాట ఎత్తితే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. మొహింగా (చేపల పులుసులో నూడుల్స్ వేసే బర్మా వంటకం) ఎలా వండేవారని అడగండి, పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగి పెట్టండి. ఏ వీధి, ఏ బడి, చెల్లెలి పేరేంటి, అన్నీ ఆ మాటల్లోనే వస్తాయి. మొదటి రోజే ఫోన్‌లో రికార్డు చేయకండి. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో ఆవిడ ఈడువాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి తీసుకెళ్లండి, ఆ మాటలు వాళ్లతో అయితే వాటంతటవే వస్తాయి. పేర్లు, ఊళ్లు ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, అక్కడి బంధువుల్ని వెతకాలంటే మీకు ముందు కావాల్సినవి అవే.