గుడి మానేసిన పెద్దావిడ గురించి

ప్రియమైన అమ్మాయికి,

యేసు నాథుని శాంతి. నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ మీ వీధిలోని ఆ పెద్దావిడే నా కళ్లలో మెదులుతోంది. యాభై ఏళ్లుగా ఆదివారం పూజ తప్పని మనిషి నాలుగు నెలలుగా ఇంట్లోనే జపమాల చెప్పుకుంటోందంటే అది బద్ధకం కాదమ్మా, గాయం. "ఆమెకి సరిపోయే గుడి ఏదో చెప్పు మామయ్యా" అన్నావు.

గుడి సంగతి తర్వాత. ముందు ఆమె దగ్గర కూర్చుని, మనసు ఎప్పుడు విరిగిందో అడుగు. సంప్రదాయం, పాతకాలపు లాటిన్ పూజ, మార్పులు అంటూ మొదలుపెట్టినా, ఓపిగ్గా వింటే చివరికి ఒక రోజు, ఒక మాట బయటికొస్తాయి. నాకు అలాగే జరిగింది. మేం వెళ్లే గుడిలో బలిపీఠం ముందు మోకరించే కమ్మీ ఉండేది. మా అమ్మ పక్కన మోకరించి నేను మొదటి సత్ప్రసాదం, అంటే పూజలో గురువు ఇచ్చే పవిత్ర అప్పం, తీసుకున్నది అక్కడే. ఒక ఆదివారం వెళ్లేసరికి అది లేదు. ఎవరూ ముందు చెప్పలేదు. ఎనిమిది నెలలు గుడి ముఖం చూడలేదు. చాలామంది వచ్చి, పూజలో ఈ మార్పులకు దారితీసిన రెండో వాటికన్ మహాసభ గురించి వివరించారు. వాళ్లు చెప్పింది తప్పని కాదు, నాకు ఎక్కలేదు. నన్ను వెనక్కి తెచ్చింది పోర్టులో నాతో పనిచేసిన ఒకాయన. ఒక ఉదయం స్కూటర్ మీద వచ్చి "పద, లేటవుతుంది" అన్నాడు. పూజంతా నా పక్కనే కూర్చున్నాడు. కమ్మీ ఊసే ఎత్తలేదు.

ఆవిడను సత్ప్రసాదం వరుసలో మోకరించవద్దన్నారని చెప్పావు కదా, అది ఆమెకు జరిగిన అన్యాయమే. మోకరించినంత మాత్రాన సత్ప్రసాదం నిరాకరించకూడదని, నాలుక మీద తీసుకునే హక్కు విశ్వాసులకు ఎప్పుడూ ఉంటుందని 2004లో రోమ్ రాతపూర్వకంగా చెప్పింది. ఆ కాగితం పట్టుకుని ఫాదర్ గారి మీదికి వెళ్లకు. పూజ లేని సమయం చూసి, ఆవిడ లేకుండా నువ్వొక్కదానివే వెళ్లి, "ఫాదర్, ఈమె మోకాళ్ల మీద తీసుకుంటుంది, చివర్లో వస్తుంది" అని చెప్పు. నేను చూసినంతలో చాలామంది గురువులు సరేనంటారు. ఆమె భయమల్లా నలుగురిలో మళ్లీ మాట పడాల్సి వస్తుందేమోనని.

హారతి, చెప్పులు విప్పడం కూడా ఆమెకు నచ్చవన్నావు. అవి మన గురువులు సొంతంగా పెట్టినవి కావు. భారతదేశం కోసం 1969లో రోమ్ ఆమోదించిన పన్నెండు అంశాల్లో ఉన్నవే. పంచాంగ ప్రణామం కూడా అందులోదే, అంటే మోకరించి నుదురు నేలకు ఆనించడం. ఆవిడ కోరుకునేది కూడా ఇలాంటి భక్తే కదా. ఇది నెమ్మదిగా, ఆమె అడిగినప్పుడే చెప్పు.

ఇక గుడి. ఆదివారం పెద్ద పూజకు తీసుకెళ్లకు. మైకులు, కీబోర్డు, జనం చూసి ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పనిరోజు పొద్దున్నే జరిగే మొదటి పూజతో మొదలుపెట్టు. జ్ఞానాపురం పేతురుగారి కెథడ్రల్ ఒకసారి చూపించు. హార్బర్ పక్కన రాస్ కొండ మీది మరియమాత గుడికి కూడా తీసుకెళ్లు. పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ, మధ్యమధ్యలో ఓడల కూతలు. జనం లేనప్పుడు అక్కడ కాసేపు కూర్చుంటే ఆమె గుండె కుదుటపడుతుంది. ఆదివారం పూజ ఏ కతోలిక గుడిలో చూసినా చెల్లుతుంది. కానీ సొంత విచారణతో, అంటే తన పేరున్న స్థానిక గుడి సంఘంతో, తెంచుకోనివ్వకు. రేపు జబ్బు చేస్తే సత్ప్రసాదం ఇంటికి తెచ్చేది ఆ విచారణ గురువే.

ఆవిడ మనవడిది వేరే కథ. అతను పుట్టేటప్పటికే పాత పూజ పోయింది, వీడియోల్లో చూసి ప్రేమించాడు. నవ్వొద్దు. నేను చిన్నప్పుడు పూజలో గురువుకి జవాబు చెప్పినవాణ్ణి. "అద్ దేఉమ్ క్వి లేతిఫికాత్ యువెంతూతెమ్ మేఅమ్" అనే మాట ఇప్పటికీ నిద్రలో వస్తుంది. నా యౌవనానికి సంతోషమిచ్చే దేవుని చెంతకు అని దాని అర్థం. అయితే లాటిన్ పూజ చూపిస్తానని అతనికి మాటివ్వకు. 2007లో బెనెడిక్ట్ పాపుగారు 1962 నాటి ఆ పాత లాటిన్ పూజకు విస్తృతంగా అనుమతిచ్చారు. 2021లో ఫ్రాన్సిస్ పాపుగారు దాన్ని కట్టడి చేసి, మేత్రాణుల (బిషప్పుల) అనుమతి కావాలన్నారు. కావాలంటే అగ్రపీఠానికి (ఆర్చిబిషప్ గారి కార్యాలయానికి) మర్యాదగా ఉత్తరం రాయమను. ఈలోగా సత్ప్రసాద ఆరాధనలో "తాంతుమ్ ఎర్గో" అనే లాటిన్ పాట పాడించమని ఫాదర్ గారిని అడగొచ్చు. లాటిన్‌ను మహాసభ రద్దు చేయలేదు, ఈ సంగతి అతనికి తెలియకపోవచ్చు.

నిన్ను ఎవరైనా వాదనలోకి లాగితే పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారిని తలుచుకో. 1594లో ఆయన ప్రొటెస్టంట్లు ఎక్కువగా ఉన్న షాబ్లే ప్రాంతానికి వెళ్తే ప్రసంగం వినడానికి జనం రాలేదు. కోప్పడలేదు, చీటీలు రాసి తలుపుల కింద నుంచి లోపలికి తోశారు. 1846లో మన విశాఖకు వచ్చిన గురువులు ఆయన పేరు పెట్టుకున్న సభవారే.

వచ్చే బుధవారం నేనూ వస్తాను. ఆవిడకు మెట్లు కష్టం, ఆటో మాట్లాడి ఉంచు. పొద్దున్న ఐదింటికల్లా సిద్ధంగా ఉండమని చెప్పు.

మీ మామయ్య