న్యూపోర్ట్ పడవ ఎక్కేముందు

అమ్ములూ,

ఒరెగాన్‌లోని న్యూపోర్ట్‌లో రాక్‌ఫిష్ అనే సముద్రపు చేపల వేటకు పడవ బుక్ చేశావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లోంచి గేలం పట్టుకుని సముద్రం మీదకి వెళ్లే మొదటి ఆడపిల్లవి నువ్వే. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

లైసెన్స్ మర్చిపోకు. వాంతుల మాత్ర ముందే వేసుకో. యాక్వినా బే దాటి సముద్రంలోకి వెళ్లే చోట అలలు లేస్తాయి, ఎవరు నవ్వినా లైఫ్ జాకెట్ తియ్యకు.

ఇక అసలు సంగతి. మన బొచ్చె, శీలావతి గాలితిత్తిలోని (చేప నీళ్లలో తేలడానికి ఒంట్లో ఉండే సంచి) గాలిని నోటి గుండా వదిలెయ్యగలవు, రాక్‌ఫిష్‌కు అది చేతకాదు. 200 అడుగుల లోతు నుంచి లాగితే ఆ గాలి దాదాపు ఏడింతలు ఉబ్బుతుంది. చాలా ఏళ్ల కిందట మా పడవలో ఒకాయనకు ఎల్లోఐ అనే రకం రాక్‌ఫిష్ పడింది. ఎర్రటి ఒళ్లు, పసుపు కళ్లు. దాన్ని ఉంచుకోకూడదన్న నియమం అప్పటికే ఉంది. నోట్లోంచి సంచిలాంటిది తన్నుకొచ్చింది. గాలితిత్తి అనుకుని, చేపకు మేలు చేద్దామనే, కత్తి మొనతో పొడిచాడు. అది తిత్తి కాదమ్మా, తిరగబడి బయటికొచ్చిన పొట్ట. నీళ్లలో వేస్తే మునగలేక వెల్లకిలా తేలింది. పడవలో అందరూ నియమం పాటించాం అనే అనుకున్నారు. ఎల్లోఐ వందేళ్లకు పైగా బతకగలదు, పిల్లల్ని కనే వయసు రావడానికే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ చేప మీ తాతయ్యకంటే పెద్దదేమో!

ఇలాంటి చేపలు బాగా తగ్గిపోయి, 2000లో అమెరికా పశ్చిమ తీరంలో సముద్రం అడుగున బతికే చేపల వేట విపత్తులో పడిందని ప్రభుత్వం ప్రకటించింది. వేటను కట్టడి చేశాక కెనరీ అనే ఇంకో రకం రాక్‌ఫిష్ 2015 నాటికి కోలుకుంది. ఎల్లోఐ మాత్రం అప్పటికింకా కోలుకోలేదు.

2017 నుంచి ఒరెగాన్‌లో ఈ వేటకెళ్లే ప్రతి పడవలోనూ చేపను తిరిగి లోతుకు దింపే పరికరం ఉండాలి. కింది దవడను క్లిప్‌కు పట్టించి, బరువు కట్టి దింపుతారు. లోతులో ఒత్తిడికి గాలి మళ్లీ కుంచించుకుపోతుంది, చాలా చేపలు బతుకుతాయి. కానీ అది పెట్టె అడుగున ఉంటే ఏం లాభం? చిన్నప్పుడు పెళ్లి భోజనాల్లో మంచినీళ్లు కావాలన్నా నా చెవిలో చెప్పేదానివి. నా భయమంతా నీ మొహమాటం గురించే. ఎక్కగానే "అది ఎక్కడుంది?" అని గట్టిగా అడుగు. ఎల్లోఐ పడితే చోటు మార్చమని కెప్టెన్‌కి చెప్పు.

నల్ల రాక్‌ఫిష్ తెచ్చుకో, అత్తయ్య పులుసు పెడతానంది. తినేటంత పడ్డాక గేలం చాలించు తల్లీ. ముందురోజు పడవవాళ్లకు ఫోన్ చేసి పరికరం సంగతి కనుక్కో. జవాబు నమ్మకంగా లేకపోతే ఇంటికొచ్చి నాది పట్టుకెళ్లు.

నీ మావయ్య