కట్నం చిట్టాలో పాత చొక్కాలు

చిరంజీవి సుజాతకు,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. పదహారో శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో మేడల గురించి కాకుండా ఆయన ఇంటి మనుషుల గురించి నవల రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. పాడువాలో చదువుకుంటూ, ఆయన పుట్టిన ఊళ్లోనే కూర్చుని రాస్తున్నావు, ఇంకేం కావాలి! మొదటి అధ్యాయానికి వంక పెట్టను. పేచీ అంతా రెండోదానితోనే.

1534లో పెళ్లికూతురు అల్లెగ్రదొన్న కిటికీ దగ్గర కూర్చుని, కాబోయే భర్త కట్టబోయే విల్లాలను, అంటే పల్లెల్లోని ఆ పెద్ద మేడలను, ఊహించుకుని కళ్లు తుడుచుకుంటుందని రాశావు. ఆ విల్లాల సంగతి అప్పటికి పెళ్లికొడుక్కే తెలియదమ్మా! అతనికింకా పల్లాడియో అన్న పేరు కూడా రాలేదు. పిండిమర నడుపుకునే పియెత్రో కొడుకు ఆంద్రెయా, రాళ్లు చెక్కే పనివాడు, అంతే.

అల్లెగ్రదొన్న గురించి మన చేతికి తగిలే గట్టి ఆధారం ఆ ఏడాది ఏప్రిల్ నాటి కట్నం పత్రం. ఆమె మార్కాంతోనియో అనే వడ్రంగి కూతురు. పాడువాకు దగ్గర్లోని విచెంజా నగరంలో ఆంజెలా పొయానా అనే గొప్పింటావిడ దగ్గర పనిచేసేది. కట్నం ఇచ్చింది ఆ యజమానురాలే. మంచం, దుప్పట్లు, కొత్త చొక్కాలు, వాడిన చొక్కాలు, చేతిరుమాళ్లు, కొంత గుడ్డ. ఈ చిట్టాని నువ్వు ఒక్క వాక్యంలో దాటేసి కిటికీ దగ్గరికి పరిగెత్తావు. ఆగాల్సింది ఇక్కడే. వాడిన చొక్కాల్ని కూడా నోటరీ ఎందుకు రాసుకున్నట్టు?

ఎందుకంటే అక్కడి ఆచారంలో కట్నం భర్త చేతికి వస్తుందే గాని భర్తది అయిపోదు. అతను ముందు పోతే భార్యకు తిరిగి దక్కాలి. ఆ రోజు వచ్చినప్పుడు తగువు రాకుండా ప్రతి వస్తువూ పేరుపేరునా రాసి, విలువ కట్టి పెట్టుకునేవారు. అంటే ఆ కాగితం రాసింది ఒక విధవ కోసం, ఇంకా పెళ్లికూతురుగా ఉన్న విధవ కోసం. ఇది పట్టుకున్నాక నీకు కిటికీ అక్కర్లేదు. ఎవరో ఒకరు ఆ చొక్కాను వెలుగుకి ఎత్తిపట్టి, చిరుగులున్నాయేమో చూసి, ధర చెప్పి ఉంటారు. అమ్మాయి పక్కనే నిలబడి వింటోందనుకో. అదీ కల్పనే, కాని ఆ కాగితం ఒప్పుకునే కల్పన.

ఆమె మనసులో ఏముందో ఆ కాగితాన్ని అడగకు, చెప్పదు. తనను ఎందుకు రాశారో ఆ సంగతే చెబుతుంది. నేను నీకు రాయాలనుకున్నది దాదాపు ఇంతే. మిగతావన్నీ దీనికి ఉదాహరణలు.

పొయానా పేరు చూడగానే నీకు ఇంకో ఆశ పుట్టింది. 1540ల్లో బొనిఫాచ్యో పొయానాకు పల్లాడియో ఒక విల్లా గీసిచ్చాడు కాబట్టి, అది భార్య పాత పరిచయం వల్ల దొరికిన పనేనని మూడో అధ్యాయంలో తేల్చేశావు. ఇంటిపేరు కలిస్తే సిఫారసు రుజువైపోదు. పక్కింటావిడ చేత అనిపించు, నూతి దగ్గర గుసగుసలాడించు. కథ చెప్పే గొంతుతో మాత్రం అనకు.

ఇక వెతకడం సంగతి. రికార్డు ఆఫీసు సూచికల్లో పల్లాడియో అని వెతికి ఏమీ దొరకలేదని దిగులుపడ్డావు. ఆ పేరు పత్రాల్లో కనిపించడం మొదలైంది 1540లో, అదీ ప్రాచీన గ్రీకు, రోమన్ విద్యల్లో దిట్ట అయిన త్రిస్సినో అనే పండితుడి చలవ. అంతకుముందు పియెత్రో కొడుకు ఆంద్రెయా అనో, రాతిపని ఆంద్రెయా అనో, అతను విచెంజాలో పనిచేసిన పెదెమూరో రాతిపని కార్ఖానా పేరుతోనో వెతకాలి. అలా వెతికినవాళ్లకే 1521 నాటి ఒప్పందం దొరికింది. పన్నెండు పదమూడేళ్ల కుర్రాణ్ణి పాడువాలో బార్తొలొమెయో కవాత్సా దగ్గర పనికి కుదిర్చారు. 1523లో కుర్రాడు విచెంజా చెక్కేశాడు, వెనక్కి రప్పించారు, 1524కల్లా మళ్లీ విచెంజా చేరి అక్కడి రాతిపనివాళ్ల సంఘంలో పేరు రాయించుకున్నాడు. ఆ ఒప్పందం చెడింది కాబట్టే ఇంత తెలిసింది. సాఫీగా సాగి ఉంటే ఒక్క కాగితంతో సరిపోయేది. చాలాకాలం ఆయన విచెంజాలోనే పుట్టాడనుకున్న లోకాన్ని మార్చినవి కూడా పాడువాలోని ఇలాంటి కాగితాలే.

పెళ్లి పుస్తకం కోసం విచెంజా చర్చిల చుట్టూ తిరిగానని రాశావు. తిరక్కు. ప్రతి పారిష్‌లోనూ, అంటే ప్రతి చర్చి పరిధిలోనూ, పెళ్లిళ్ల పుస్తకం ఉండాలని కాథలిక్ మతాధికారుల ట్రెంట్ మహాసభ నిర్ణయించింది 1563లో. ఈ దంపతుల పెళ్లయి అప్పటికే దాదాపు ముప్ఫై ఏళ్లు. వీళ్లకు నోటరీయే దిక్కు.

తేదీల విషయంలోనూ జాగ్రత్త. మనకు ఉగాదితో ఏడాది మారినట్టు, వెనిస్ ప్రభుత్వ పత్రాల్లో మార్చి 1న మారేది, ఫ్లోరెన్సులో మార్చి 25న. వెనిస్ కాగితంలో 1568 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1569. ఊరూరికీ పద్ధతి వేరు కాబట్టి ఏ ఊరి కాగితమో ముందు చూసుకో. లేకపోతే నీ నవలలో బిడ్డ పెళ్లికి ముందే పుడుతుంది.

పన్ను లెక్కల్ని నమ్మినంతగా ఇంకేవీ నమ్మవు నువ్వు. ఫ్లోరెన్సులో 1427 నాటి కతాస్తో అనే ఆస్తిపన్నులో ఇంట్లో ఒక్కో మనిషికి 200 ఫ్లోరిన్ల (అక్కడి బంగారు నాణేల) మినహాయింపు ఇచ్చారు. ఇక ఎవరు మాత్రం ఇంట్లో తినే నోళ్లు తక్కువ చేసి చెబుతారు? పన్నువాడి ముందు అందరూ పేదలే, అందరి అమ్మలూ మంచాన పడ్డవాళ్లే. అదే ఊళ్లో బ్రునెలెస్కి అనే వాస్తుశిల్పి పెళ్లి చేసుకోలేదు. బుజ్జానో అనే పిల్లవాణ్ణి పెంచుకున్నాడు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక 1434లో డబ్బూ నగలూ పట్టుకుని నేపుల్సు పారిపోతే, వెనక్కి పంపమని పోప్ నాలుగో యుజీనియస్ స్వయంగా అక్కడి రాణికి ఉత్తరం రాశాడు. తండ్రీకొడుకులు సఖ్యంగా ఉన్న ఏళ్లలో ఏ పోపూ ఉత్తరం రాయడు కదా.

ఇదే సంగతి నీ మూడో అధ్యాయానికీ వర్తిస్తుంది. పల్లాడియో పిల్లలు లియోనిదా, మార్కాంతోనియో, ఒరాత్సియో, సిల్లా, జెనోబియా. 1569లో లియోనిదా ఒక హత్య కేసులో ఇరుక్కుని నిర్దోషిగా బయటపడ్డాడు. పాడువాలో న్యాయశాస్త్రం చదివిన ఒరాత్సియో మీద మతద్రోహం ఆరోపణతో విచారణ జరిగింది. ఈ రెండూ చదివి నువ్వు ఆ ఇంటిని కొట్లాటల కొంప చేసేశావు. నేరం జరిగితేనే కలం తీసే కచేరీ అది. జెనోబియా నవ్విన రోజుల్ని ఏ గుమస్తా రాస్తాడు? దానికి బదులు విచెంజాలో బసీలికా అనే నగర సభాభవనం పనికి 1549 నుంచి తండ్రికి ముట్టిన నెలకు 5 డుకాట్ల (వెనిస్ నాణేల) జీతం చుట్టూ ఒక ప్రకరణం అల్లు. ఐదుగురు పిల్లల ఇంట్లో ఆ డబ్బు ఏ మూలకొస్తుందో అల్లెగ్రదొన్నకు బాగా తెలిసుంటుంది.

ఇంకోటి. పిల్లలవన్నీ ప్రాచీన చరిత్ర నుంచి ఏరి తెచ్చిన పేర్లని రెండు పేజీలు రాశావు. ఒప్పుకుంటాను, పేర్ల ఎంపికలో త్రిస్సినో గాలి ఉంది. కాని మార్కాంతోనియో వడ్రంగి తాత పేరు కూడా! అది నువ్వు చూడనేలేదు. ఆ పేరు ఎవరు పట్టుబట్టి పెట్టించి ఉంటారో ఆలోచించు. నాకైతే అక్కడ అమ్మ గొంతు వినిపిస్తోంది, పొరపాటే కావచ్చు.

ఒక్కచోట తండ్రి తనంతట తాను మాట్లాడాడు. 1572లో లియోనిదా, ఒరాత్సియో ఒకరి వెనక ఒకరు చనిపోయారు. 1575లో పల్లాడియో రోమన్ సేనాని సీజర్ రాసిన యుద్ధ వ్యాఖ్యలను బొమ్మలతో అచ్చువేసి, పోప్ కొడుకూ సేనానీ అయిన జాకొమో బొన్‌కొంపాన్యికి అంకితమిచ్చాడు. సైన్యాల బారులు, శిబిరాలు, కోటల ముట్టడులు గీసిన ఆ బొమ్మల పని మొదలుపెట్టింది చనిపోయిన కొడుకులేనని ముందుమాటలో చెప్పుకున్నాడు. అదీ అంకితం కోసం పద్ధతిగా రాసినదే, నిజమే. అయినా బిడ్డల పేర్లు అచ్చులో ఉండాలని అక్కడ జాగా చేసుకున్నాడు. నువ్వు మేడల్లో వెతుకుతున్న మనిషి ఆ సైనికుల బొమ్మల దగ్గర ఉన్నాడు. నాలుగో అధ్యాయం అక్కడ మొదలుపెట్టమని నా సలహా.

ఆగస్టులో అక్కడి రికార్డు ఆఫీసుల వేళలు మారుతుంటాయి, విచెంజా రైలెక్కే ముందు ఒక ఫోన్ చేసుకో. పెన్సిల్ పట్టుకెళ్లు. ఫోటో తీసుకున్నాను కదా అని ఊరుకోకుండా నోటరీ పేరు, కట్ట నంబరు, పుట నంబరు అక్కడికక్కడే రాసుకో. రెండో అధ్యాయం తిరగరాశాక నాకు పంపు. మూడోదాన్ని అప్పటిదాకా ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ నాన్న స్నేహితుడు