మంగళగిరి చీర ఖద్దరేనా?

ప్రశ్న: ఖద్దరని చెప్పి నాకు మంగళగిరి చీర అమ్మారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాదమ్మా. ఖద్దరంటే నూలు వడకడం, నేయడం రెండూ చేత్తోనే జరగాలి. మంగళగిరిలో గుంట మగ్గం మీద చేత్తోనే నేస్తారు, నూలు మాత్రం మామూలుగా మిల్లుది. దాంతో ఆ చీర విలువేం తగ్గదు. కరెంటు లేకుండా నడిచే మగ్గం అది! తప్పుడు పేరుతో అమ్మడమే నాకు బాధ.

మా తాతయ్య పొందూరు ఖద్దరు పంచె నా దగ్గరుంది. వెలుతురుకి పట్టి చూస్తే పోగు ఒకచోట సన్నం, ఒకచోట కాస్త లావు. వడికిన చెయ్యి అక్కడ తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. సన్నటి పళ్ల వరస, దువ్వెనలా ఉంటుంది.

మీ చీర మొదటిసారి విడిగా చన్నీళ్లలో జాడించి, నీడన ఆరేయండి.