తోటికోడలి స్టేటస్ చూశాక ప్రార్థన రావడం లేదు

ప్రశ్న: మాది కాకినాడ. ఆయనది ప్రైవేటు ఉద్యోగం, అద్దె ఇల్లు. డాలస్‌లో ఉన్న మా తోటికోడలు మొన్న గృహప్రతిష్ఠ ఫొటోలు 'దేవునికే మహిమ' అని స్టేటస్‌లో పెట్టింది. 'ఆమెన్' అని పెట్టాను గానీ ఆ రాత్రి మోకరిస్తే మాట రాలేదు. ఊరికే మావారి మీద విసుక్కుంటున్నాను. వాట్సాప్ తీసేసి, నాలుగో రోజుకే మళ్లీ వేసుకున్నాను. నాది పాపమా?

జవాబు: సోదరీ, ఇల్లు కావాలనుకోవడం పాపం కాదు. ఆమెకు రాకుంటే బాగుండేది అనిపించిన చోట మత్సరం మొదలవుతుంది. ఎదురింటివాళ్లు కారు కొంటే పుట్టే కుళ్లు రెండ్రోజులుండి పోతుంది. 'దేవుడిచ్చాడు' అని పెట్టిన ఫొటో అలా పోదు, 'మరి నాకెందుకివ్వలేదు?' అని లోపల తొలుస్తూనే ఉంటుంది. మీకు అలక దేవుడి మీద. నోరు పెగలనిది అందుకే.

సమూయేలు మొదటి గ్రంథం 1వ అధ్యాయం చదవండి. పిల్లల్లేని హన్నాను సవతి పెనిన్నా సాధించింది ఎప్పుడనుకున్నారు? ఏటా షిలోహుకు ఆరాధనకు వెళ్లినప్పుడు. హన్నా తిండి మానేసి ఏడ్చేది. అయినా పెనిన్నాకు జవాబివ్వలేదు, బాధ లేనట్టు నటించనూ లేదు. మగబిడ్డ కావాలని తిన్నగా దేవుణ్నే అడిగింది. 18వ వచనానికే ఆమె ముఖంలో దిగులు పోయింది, సమూయేలు అప్పటికి కడుపునైనా పడలేదు. మీరూ 'నీ చిత్తం ప్రభువా' అని గబగబా ముగించకండి. 'ఆ ఇల్లు చూసి కడుపు మండింది, నాకూ ఇల్లు కావాలి' అని ఉన్నదున్నట్టు చెప్పండి. మాటలు దొరక్కపోతే 73వ కీర్తన పైకి చదవండి. భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డానని ఆసాపు అందులో ఒప్పుకున్నాడు. (మీ తోటికోడలు భక్తిహీనురాలని కాదు సుమా!)

ఇక ఫోను. సంఘ కూడిక వేళలు, ప్రార్థన విన్నపాలు అన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి మొత్తం తీసేస్తే అవసరమే వెనక్కి లాక్కొస్తుంది. ఆమె స్టేటస్ ఒక్కటే ఆపండి. ఆండ్రాయిడ్ ఫోనైతే ఆ స్టేటస్ మీద వేలు నొక్కిపట్టి మ్యూట్ చేయొచ్చు. ఆమెకు ఆ సంగతి తెలియదు, మెసేజీలు, కాల్స్ మామూలుగానే వస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఉంటే ఆమె ప్రొఫైల్‌లో 'ఫాలోయింగ్' నొక్కి పోస్టులు, స్టోరీలు రెండూ మ్యూట్ చేయండి. ఒకటి వదిలేస్తే అందులోంచే వస్తాయి. సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఈ యాప్‌లకు రోజుకు 20 నిమిషాల టైమర్ పెట్టుకోండి. కానీ అది అర్ధరాత్రి 12 దాటగానే మళ్లీ మొదటికొస్తుంది, నిద్రపట్టనివాళ్లు జారిపోయేది సరిగ్గా అక్కడే. అందుకని ఛార్జరు పడగ్గదిలోంచి తీసి వంటింట్లో పెట్టండి. అలారానికి చిన్న గడియారం కొనుక్కోండి.

స్టేటస్ ఆపారని మనిషిని వదిలేయకండి. పది రోజులకోసారి మీరే ఫోన్ చేయండి. మొదటి కాల్‌లో ఇంటి గురించి నోరారా ఒక మంచి మాట అనండి. లోను ఎంత, కష్టాలేమిటి అని మాత్రం కూపీ లాగకండి. వాళ్లకూ ఇబ్బందులున్నాయని తెలిసి మనసు తేలికపడితే అదీ మత్సరమే, కాస్త నెమ్మదిగా కనిపిస్తుందంతే.

మీవారితో 'వాళ్లు కొన్నారు' అని మొదలుపెడితే ఆయన చెవికి అది దెప్పిపొడుపే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక జీతం, అద్దె, చీటీ, ఫీజులు, కానుక ఒక కాగితం మీద రాసి, నెలకు ఎంత మిగులుతోందో ఇద్దరూ చూడండి. మిగిలేది రెండు వేలైనా ఇల్లు కొనడానికని వేరే ఖాతాలో వేయండి.

ఇవన్నీ చేశాక కూడా రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి సరిగా లేకపోతే డాక్టరును కలవండి, అది విశ్వాసం లేకపోవడమేమీ కాదు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.