టెక్ సందేహాలు: ఒకేసారి 40 వేల ఫొటోల సైజు తగ్గించాలంటే...

ప్రశ్న: లినక్స్‌లో ఒకే ఫోల్డర్‌లో 40,000 జేపీజీ ఫొటోలున్నాయి. సైజు తగ్గిద్దామని ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫొటో టూల్‌లోని మోగ్రిఫై కమాండ్‌కు ‘*.జేపీజీ’ అని ఇస్తే ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’ అంటూ ఆగిపోతోంది. 500 ఫొటోలకైతే పనిచేసింది. ఏం చేయాలి?

జవాబు: ఆ ఎర్రర్ వచ్చింది కాబట్టి మీ ఫొటోలు మిగిలాయి. మోగ్రిఫై కొత్త ఫైలు తయారు చేయదు, అసలు ఫొటో మీదే రాసేస్తుంది. ‘-పాత్’ ఆప్షన్‌తో వేరే ఫోల్డర్ చూపిస్తేనే ఒరిజినల్ భద్రం. ఆ ఫోల్డర్‌ను ముందే క్రియేట్ చేసుకోవాలి.

ఇక ఎర్రర్ సంగతి. స్టార్ గుర్తును ఫైలు పేర్లుగా విప్పేది మోగ్రిఫై కాదు, షెల్ (మీరు టైప్ చేసే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్). ఆ పేర్లన్నిటినీ ఒకేసారి కెర్నల్‌కు (లినక్స్‌ను నడిపే కేంద్ర భాగానికి) అప్పజెబుతుంది. మామూలు లినక్స్‌లో దానికి పరిమితి 2 ఎంబీ, అంటే 20,97,152 బైట్లు. పేరు 50 అక్షరాలుంటే ముగింపు గుర్తుకు 1, ఆ పేరు మెమరీలో ఎక్కడుందో చూపే పాయింటర్‌కు 8 కలిపి 59 బైట్లు. 40,000తో గుణిస్తే 23,60,000. అందుకే మోగ్రిఫై మొదలు కూడా కాలేదు. పేర్లు తెలుగులో ఉంటే ఇంకా త్వరగా నిండుతుంది: ‘ఫొటో’ అన్న చిన్న మాటకే 12 బైట్లు.

మందు ఇదీ (టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే):

ఫైండ్ . -మ్యాక్స్‌డెప్త్ 1 -ఐనేమ్ '*.జేపీజీ' -ప్రింట్0 | ఎక్స్‌ఆర్గ్స్ -0 -ఎన్ 50 -పి 4 మోగ్రిఫై -పాత్ ../చిన్నవి -రీసైజ్ '1600ఎక్స్1600>'

ఇందులో ‘ఎన్’ చిన్న అక్షరం, ‘పి’ పెద్దది. ఫైండ్ ఫొటోల పేర్లు వెతికి ఇస్తుంది, ఎక్స్‌ఆర్గ్స్ వాటిని విడతలుగా మోగ్రిఫైకి అందిస్తుంది. 50 ఫొటోల చొప్పున, నాలుగు ప్రాసెస్‌లు ఒకేసారి నడుస్తాయి. ‘-ప్రింట్0’, ‘-0’ రెండూ జంటగా ఉండాల్సిందే. లేకపోతే పేరులో స్పేస్ ఉన్న ప్రతి ఫైలూ రెండు ముక్కలై ‘ఫైల్ లేదు’ అంటుంది. ఫైలు పేరులో ఎప్పటికీ రాని అక్షరం నల్ (విలువ సున్నా అయిన బైటు) కాబట్టి దాంతో విడదీస్తే ఏ పేరూ చెడదు.

1600 పక్కనున్న ‘>’ గుర్తుకు ‘పెద్దవాటినే తగ్గించు, చిన్నవాటిని సాగదీయకు’ అని అర్థం. కోట్స్ మరిచారో, షెల్ దాన్ని రీడైరెక్షన్ (అవుట్‌పుట్‌ను ఫైల్లోకి రాయమనడం) అనుకుంటుంది. దాని వెనక ఒక ఫొటో పేరుంటే ఆ ఫొటో సున్నా బైట్లయిపోతుంది. దయచేసి ఇక్కడ తొందరపడకండి.

మొత్తం మీద వదిలే ముందు ఫైండ్‌కూ ఎక్స్‌ఆర్గ్స్‌కూ మధ్య ‘హెడ్ -జెడ్ -ఎన్ 5 |’ పెట్టి ఐదు ఫొటోలతో చూసుకోండి. ఇమేజ్‌మ్యాజిక్ తనంతట తానే చాలా థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే పనులు) వాడుతుంది. నాలుగు ప్రాసెస్‌లు కలిస్తే కోర్ల కోసం కొట్లాటే. ‘మ్యాజిక్_థ్రెడ్_లిమిట్’ వేరియబుల్‌ను 1 చేసి ఎక్స్‌పోర్ట్ చేస్తే వేగం కుదురుతుంది. పని ముగిశాక, చివరి కమాండ్ ఫలితం చెప్పే ‘ఎకో $?’ కొట్టండి. 0 వస్తే సరే, 123 వస్తే కొన్ని ఫొటోలు ఫెయిలయ్యాయని.

ప్రశ్న: 300 వీడియోల పేర్లున్న టెక్స్ట్ ఫైల్‌ను ఒక్కో వరుసా చదివే ‘వైల్ రీడ్’ లూప్‌కు ఇచ్చి, వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడిపితే మొదటి వీడియో మాత్రమే మారుతోంది. ఎందుకు?

జవాబు: ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడుస్తున్నంతసేపూ కీబోర్డ్ వైపు చెవి పెట్టి ఉంటుంది, ‘క్యూ’ నొక్కితే ఆగడానికి. లూప్‌లో కీబోర్డ్ స్థానంలో ఉన్నది మీ జాబితా. దాన్నే చదివి మింగేస్తోంది. కమాండ్‌లో ‘-నోఎస్‌టీడీఇన్’ చేర్చండి, చాలు.