మామిడి తోట పక్క కాలువలో చేపలు చనిపోతే నీటి పరీక్ష ఒక్కటే చాలుతుందా?

ప్రశ్న: మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం ప్రాంతం; ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాము. మా మామిడి తోటను ఆనుకొని ఊరి చెరువులోకి పోయే కాలువ ఉంది. పూత మీద తేనెమంచు పురుగుకు లామ్డా సైహలోత్రిన్ కొట్టించిన మర్నాడు కాలువ మడుగుల్లో పరిగెలు చచ్చి తేలాయి. మూడు వారాల తర్వాత ప్లాస్టిక్ సీసాలో నీళ్లు తెచ్చి ఇక్కడి ల్యాబులో ఇస్తే, మందు అవశేషాలు లేవని రిపోర్టు వచ్చింది. మందు ప్రమేయం లేదనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: అనుకోకూడదు. రిపోర్టు తప్పని కాదు గానీ, మందు కొట్టిన రాత్రి ఆ మడుగులో ఏముందో అది చెప్పలేదు. లామ్డా సైహలోత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు నీటిలో దాదాపు కరగవు. ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు నీటిని వదిలి అడుగు బురదకూ నాచుకూ అంటుకుపోతాయి, ప్లాస్టిక్ సీసా గోడలనూ వదలవు. కాబట్టి వెతకవలసినది బురదలో.

నిపుణులు ముందుగా కాగితం మీద ఒక లెక్క వేస్తారు. ఎకరాకు నలభై చెట్లు, చెట్టుకు పది లీటర్ల ద్రావణం, లీటరుకు 5 శాతం మందు ఒక మిల్లీలీటరు అనుకుంటే, ఎకరాకు 20 గ్రాముల అసలు మందు, అంటే చదరపు మీటరుకు సుమారు 5 మిల్లీగ్రాములు పడుతుంది. అందులో పదో వంతు గాలికి కాలువ మీద పడిందనుకుందాం. (జర్మనీ పండ్ల తోటల్లో జరిగిన కొలతల్లో, ఆకు దట్టంగా ఉన్నప్పుడే మూడు మీటర్ల దూరాన దాదాపు 16 శాతం పడింది, అవి గాలిని బలంగా తోసే యంత్రాలు కనుక మన గన్ స్ప్రేకు ఆ అంకెను నేను వాడటం లేదు.) కాలువలో 30 సెంటీమీటర్ల నీరుంటే లీటరుకు సుమారు 1.7 మైక్రోగ్రాములు తేలుతుంది. ప్రయోగశాలలో బ్లూగిల్ అనే మంచినీటి చేపల్లో సగం నాలుగు రోజుల్లో చనిపోవడానికి లీటరుకు 0.2 మైక్రోగ్రాములు చాలు. కాలువలో మందు అంతసేపు నీటిలో నిలవదు కనుక అసలు నష్టం కొంత తగ్గవచ్చు. అయినా ఎనిమిది రెట్ల తేడాను తేలిగ్గా కొట్టిపారేయలేము.

తేనెమంచు పురుగుకే కొట్టే మరో మందు ఇమిడాక్లోప్రిడ్ సంగతి వేరు. అది నీటిలో బాగా కరుగుతుంది, చేపలు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి, పరీక్షల్లో సాధారణంగా వాడే డాఫ్నియా అనే అతిచిన్న నీటి జీవి కూడా తట్టుకుంటుంది. కానీ ఆ చేపలకు ఆహారమయ్యే కీటకాల లార్వాలు కొన్ని లీటరుకు కొద్ది మైక్రోగ్రాములకే చస్తాయి. అందుకే చేపలు బాగున్నాయి గనుక కాలువ బాగుందనే వాదనను నేను ఒప్పుకోను. రాళ్లు తిరగేసి, తోటకు ఎగువన ఉన్న పురుగులు దిగువన కూడా ఉన్నాయో లేదో చూడాలి.

అయితే ఎండిపోతున్న మడుగుల్లో తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గి కూడా చేపలు చస్తాయి. అప్పుడు సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి, పైకి వచ్చి గాలి పీల్చుకునే నీటి పురుగులు బతుకుతాయి. చిన్న చేపలతోపాటు ఆ పురుగులు కూడా చచ్చి ఉంటే మందును అనుమానించాలి.

వచ్చే పూతకు, మందు కొట్టిన రోజునే తోటకు ఎగువనా దిగువనా నీటిని గాజు సీసాల్లో, పై పొర బురదను వేరుగా పట్టి, ఐసులో పెట్టి తీసుకురండి. తర్వాత మొదటి వాన పడిన రోజున కూడా అలాగే చేయండి. మందు పేరు ల్యాబువారికి ముందే చెప్పి, వారి యంత్రం ఎంత తక్కువ మోతాదు వరకు గుర్తించగలదో అడగండి. లామ్డా సైహలోత్రిన్ విషయంలో లీటరుకు 0.1 మైక్రోగ్రాము కూడా లెక్కలోకి వస్తుంది. వీటన్నిటికన్నా ముందు, మందు కలిపిన డ్రమ్మునూ గన్నునూ ఆ రోజు ఎక్కడ కడిగారో పనివాళ్లను అడగండి. అది కాలువ గట్టున జరిగి ఉంటే, గాలికి కొట్టుకొచ్చిన మందు కంటే ఎక్కువే నీటిలో కలిసి ఉండవచ్చు.